పాత రూపం మరవని లోహం

'ఎలాస్టిసిటీ' అనే మాటకి తెలుగులో స్థితిస్థాపకత అని పేరు. నోరు తిరగదని చాలామంది ఈ మాటను పక్కన పెట్టేస్తారు గాని, విడదీసి చూస్తే అర్థమంతా అందులోనే ఉంది. స్థితి అంటే ఉన్న తీరు. స్థాపకత అంటే నిలబెట్టే గుణం. లాగినా వంచినా, వదిలేసిన వెంటనే మునుపటి తీరును తనే మళ్ళీ నిలబెట్టుకునే గుణం స్థితిస్థాపకత. జడకు వేసే రబ్బరు బ్యాండు, చీరకు పెట్టే పిన్నీసు, జుట్టు క్లిప్పులో ఉండే చిన్న స్ప్రింగు, అన్నీ ఈ గుణం మీదే పనిచేస్తాయి.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. పిన్నీసును మామూలుగా తెరిచి మూస్తే వందసార్లైనా పనిచేస్తుంది. అదే పిన్నీసును బలవంతంగా విప్పదీసి తిన్నగా చేసేస్తే ఇంక అది పిన్నీసు కాదు, వట్టి కమ్మి ముక్క. వేడినీళ్ళల్లో వేసినా, పొయ్యి మీద పెట్టినా మళ్ళీ పిన్నీసు రూపం రాదు.

ఇప్పుడు ఇంకో తీగను ఊహించండి. దాన్ని ఎట్లా కావాలంటే అట్లా వంచవచ్చు. వంచితే వంగినట్టే ఉండిపోతుంది. స్ప్రింగు మాదిరి వెనక్కి రాదు. కానీ టీ పెట్టుకునేంత వేడినీళ్ళల్లో వేస్తే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే మెలికలన్నీ విప్పుకొని మొదటి రూపానికి వచ్చేస్తుంది. ఇది కల్పన కాదు. నికెల్, టైటానియం అనే రెండు లోహాలను దాదాపు సగం సగం అణువులుగా కలిపి చేసిన మిశ్రమలోహం ఇది. పేరు నిటినాల్. ఇట్లాంటివాటిని ఇంగ్లీషులో 'షేప్ మెమరీ అల్లాయ్స్' అంటారు. మనం ఆకార స్మృతి లోహాలు అందాం.

మనది తెలుగు శాఖ కదా, లోహాల సంగతి మనకెందుకు అని ఎవరికైనా అనిపించవచ్చు. ఈ లోహం ఇప్పటికే మనలో కొందరి పళ్ళ మీద ఉంది. కొందరి గుండెల్లో కూడా ఉంది. అందుకే తెలుసుకోవడం మంచిది.

ముగ్గు చుక్కల లెక్క

లోహం లోపల అణువులు చెల్లాచెదురుగా ఉండవు. చుక్కల ముగ్గులో చుక్కలు పెట్టినట్టు వరసలు వరసలుగా, కొలిచినంత ఎడంతో ఉంటాయి. ముగ్గు నేల మీద ఒక్క పొరే. లోహంలో అట్లాంటి పొరలు ఒకదాని మీద ఒకటి కోట్లకొద్దీ ఉంటాయి.

తీగను కొంచెంగా లాగితే చుక్కల మధ్య ఎడం కొద్దిగా పెరుగుతుంది. వదిలితే తగ్గుతుంది. మామూలు స్థితిస్థాపకత ఇంతే. ఉక్కులాంటి లోహాల్లో ఈ సాగుడు చాలా తక్కువ. 10 సెంటీమీటర్ల తీగ అర మిల్లీమీటరు సాగేలోపే హద్దు వచ్చేస్తుంది.

హద్దు దాటితే ఏమవుతుంది? ఒక వరస మొత్తం పక్కకు జారి ఒక చుక్క ముందుకు పోతుంది. జారిన తర్వాత ప్రతి చుక్కకూ కొత్త ఇరుగుపొరుగు వస్తారు. చిక్కేమిటంటే, ఈ కొత్త పొరుగు అచ్చం పాత పొరుగు మాదిరే ఉంటుంది. తను కదిలినట్టు ఆ చుక్కకు ఆనవాలే ఉండదు. ఆనవాలు లేనప్పుడు తిరిగి ఎక్కడికి పోవాలి? తిన్నగా చేసిన పిన్నీసు మళ్ళీ పిన్నీసు కాకపోవడానికి కారణం ఇదే.

ఆకార స్మృతి లోహంలో వంపు ఇంకో దారిన వస్తుంది. అక్కడ చుక్క తన పొరుగును వదలదు. వరస జారదు, ఒరుగుతుంది. నలుచదరంగా ఉన్న గడి కొద్దిగా పక్కకు వాలిన గడి అవుతుంది. పొరుగువాళ్ళు వాళ్ళే, వాలు మాత్రం మారింది. ఈ చిన్న తేడాలోనే జ్ఞాపకం అంతా దాగి ఉంది.

ప్రావస్థ మారడం

ఇక్కడ ఇంకో మాట తెలుసుకోవాలి. 'ఫేజ్' అనేదానికి భౌతికశాస్త్రం పుస్తకాల్లో ప్రావస్థ అని రాస్తారు. ప్ర, అవస్థ కలిసి ప్రావస్థ. మన వ్యాకరణం క్లాసులో చెప్పుకునే సవర్ణదీర్ఘ సంధే. ఇళ్ళల్లో అవస్థ అంటే పడే కష్టం గాని, ఇక్కడ దాని అర్థం ఉండే స్థితి. మంచు నీరవుతుంది, నీరు ఆవిరవుతుంది. అవి అందరికీ తెలిసిన ప్రావస్థలు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, గట్టిగా ఉన్న లోహం కరగకుండా, గట్టిగానే ఉండి లోపల ప్రావస్థ మార్చుకోగలదు.

నిటినాల్‌కు ముఖ్యంగా రెండు ప్రావస్థలు. వేడిగా ఉన్నప్పుడు గడులు చక్కని ఘనాలుగా ఉంటాయి. ఒక్కో నికెల్ అణువు చుట్టూ ఎనిమిది టైటానియం అణువులు ఉంటాయి. దీని పేరు ఆస్టెనైట్. చల్లబడితే ఆ ఘనం ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఒరిగిన రూపం పేరు మార్టెన్‌సైట్. రెండూ మనుషుల పేర్ల మీద వచ్చినవే. మొదటిది ఇంగ్లండుకు చెందిన రాబర్ట్స్ ఆస్టెన్ పేరు మీద, రెండోది జర్మనీకి చెందిన అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద.

ఘనం ఒరగడానికి దారులు చాలా ఉన్నాయి. ఎడమకు, కుడికి, ముందుకు, వెనక్కి, మూలలకు. నిటినాల్‌లో ఇట్లా ఒరిగే తీరులు 12 ఉన్నాయని లెక్క తేల్చారు. తీగ చల్లబడేటప్పుడు ఒక పొర ఎడమకు ఒరిగితే దాని పక్క పొర కుడికి ఒరుగుతుంది. చీర కుచ్చిళ్ళు ఒకటి ఇటు, ఒకటి అటు మడిచినట్టు. ఒక పొర వాలును పక్క పొర వాలు సరిచేస్తుంది కాబట్టి బయటికి తీగ రూపంలో మార్పేమీ కనబడదు. చూసేవాళ్ళకు అదే తీగ, లోపల మాత్రం అంతా మడతలు.

ఇప్పుడు ఈ చల్లని తీగను చేత్తో వంచామనుకోండి. కుడికి ఒరిగిన పొరలు కొన్ని మన లాగుడుకు లొంగి ఎడమకు తిరుగుతాయి. కుచ్చిళ్ళు పట్టుకొని లాగితే మడతలు విప్పుకొని చీర పొడుగైనట్టు తీగ సాగుతుంది. ఇట్లా 100కు 8 వంతుల దాకా సాగవచ్చు. అంటే 10 సెంటీమీటర్ల తీగ 10.8 సెంటీమీటర్లు. మామూలు లోహానికి ఇది అసాధ్యం. చెయ్యి తీసేస్తే, తిరిగిన పొరలు తిరిగినట్టే ఉండిపోతాయి. మళ్ళీ కుడికి పోవడానికి వాటికి కారణం లేదు కదా. అందుకే వంపు నిలుస్తుంది.

తర్వాత వేడి చేస్తాం. వేడిలో ఒరిగిన రూపం నిలవదు, ప్రతి గడీ నిటారుగా లేచి ఘనం కావాలి. ఒరగడానికి 12 దారులు ఉన్నాయి గాని లేచి నిలబడడానికి ఉన్నది ఒకే తీరు. ఎడమకు ఒరిగినా కుడికి ఒరిగినా లేస్తే చేరేది ఆ ఒక్క చోటికే. పొరుగును ఎవరూ వదలలేదు కాబట్టి ప్రతి అణువూ తన చోటికే వస్తుంది. అణువులన్నీ తమ చోటికి వస్తే తీగ కూడా తన రూపానికి వచ్చినట్టే. ఇక్కడ జ్ఞాపకం అంటే ఎక్కడో రాసిపెట్టుకున్నది కాదు. పోయే దారులు చాలా ఉండి, తిరిగొచ్చే దారి ఒక్కటే ఉండడమే ఆ జ్ఞాపకం.

ఆ మొదటి రూపం ఎట్లా వస్తుందని అడగవచ్చు. కావలసిన ఆకారంలో తీగను గట్టిగా బిగించి, సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని నిమిషాలు ఉంచి, చల్లారుస్తారు. ఆ బిగింపులో ఏ రూపం ఉందో అదే దాని సొంత రూపం అవుతుంది. మళ్ళీ అంత వేడిలో వేరే రూపంలో బిగిస్తే పాతది మరిచి కొత్తది నేర్చుకుంటుంది.

ఇంకో సంగతి. చల్లబడేటప్పుడు ఒరగడం మొదలయ్యే డిగ్రీ ఒకటి, ముగిసే డిగ్రీ ఒకటి. వేడెక్కేటప్పుడు లేవడం మొదలయ్యేది ఒకటి, ముగిసేది ఒకటి. మొత్తం నాలుగు గుర్తులు. పోయే గుర్తులూ వచ్చే గుర్తులూ ఒకటి కావు. మామూలుగా వాటి మధ్య 20, 30 డిగ్రీల తేడా ఉంటుంది. నికెల్ సగానికి కొంచెం మించినప్పుడు వెయ్యి అణువుల్లో ఒక్క అణువు తేడా వస్తే ఈ గుర్తులు సుమారు 10 డిగ్రీలు జరిగిపోతాయి. అందుకే ఈ లోహం చెయ్యడం కష్టం. వేడి టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను ఇట్టే పట్టుకుంటుంది కాబట్టి గాలి లేని కొలిమిలోనే కరిగించాలి. ధర ఎక్కువగా ఉండడానికి ఇదంతా కారణమే.

ఉక్కుకు ఆ జ్ఞాపకం ఎందుకు లేదు

మార్టెన్‌సైట్ మనకు కొత్తదేం కాదు. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళల్లో ముంచి పదును పెడతాడే, ఆ 'చుయ్' మన్న క్షణంలో ఉక్కు లోపల పుట్టేది మార్టెన్‌సైటే. పేరు తెలియకపోయినా, దాన్ని వందల ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళు మన కమ్మరులు.

తెలుగువాళ్ళకు ఈ కథలో పెద్ద చోటే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసేవాళ్ళు. పారసీక వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. సేలం ప్రాంతంలోనూ మూసల్లో ఉక్కు చేసేవాళ్ళు. 1965 దాకా మన ధర్మపురి కూడా సేలం జిల్లాలోదే అని గుర్తుపెట్టుకోండి. ఈ ఉక్కునే ఇంగ్లీషువాళ్ళు 'వూట్జ్' అన్నారు. తెలుగు, కన్నడాల్లోని 'ఉక్కు' అనే మాటే వాళ్ళ నోట్లో అట్లా మారిందని ఎక్కువమంది పండితులు అంటారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ ఉక్కును పరీక్షించి రాశాడు.

మరి ఉక్కు మార్టెన్‌సైట్‌కు పాత రూపం ఎందుకు జ్ఞాపకం ఉండదు? ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కార్బన్. నీళ్ళల్లో ముంచగానే గడులు ఒరుగుతాయి గాని కార్బన్ మధ్యలో ఇరుక్కుపోతుంది. గడి ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న వరసలు ఆ ఒత్తిడికి జారిపోతాయి, పొరుగు మారిపోతుంది. మళ్ళీ వేడి చేస్తే ఇరుక్కున్న కార్బన్ బయటికి వచ్చి వేరే పదార్థంగా మారుతుంది. వచ్చిన దారి మూసుకుపోయినట్టే. కొడవలికి గట్టిదనం వచ్చేది ఈ ఇరుకువల్లనే. నిటినాల్‌లో గడి ఒరుగుతుంది గాని దాని పరిమాణం దాదాపు మారదు. ఎవర్నీ నెట్టదు, అందుకే తిరిగి రాగలదు. ఒకే రకం మార్పు, ఒకచోట గట్టిదనం ఇచ్చింది, ఇంకోచోట జ్ఞాపకం ఇచ్చింది.

గంట మోతతో బయటపడిన గుట్టు

ఈ గుణాన్ని మొదట గమనించింది బంగారం, కాడ్మియం కలిసిన లోహంలో. 1932లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్నే ఓలాండర్ దాని గురించి రాశాడు. బంగారంతో పని కాబట్టి ప్రయోగశాల దాటి రాలేదు.

నిటినాల్ కథ 1959లో అమెరికాలో మొదలైంది. మేరీలాండ్‌లోని నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ అనే ఆయన క్షిపణి ముక్కుకు పనికొచ్చే లోహం కోసం వెతుకుతున్నాడు. నికెల్, టైటానియం కలిపి కరిగించి కడ్డీలు పోశాడు. చల్లారిన కడ్డీ ఒకటి సిమెంటు నేల మీద పడేస్తే 'దబ్' అని మొద్దుగా చప్పుడైంది. లోపల పగుళ్ళు ఉన్నాయేమో అనుకున్నాడు. ఇంకా వేడిగా ఉన్న కడ్డీని పడేస్తే గంట కొట్టినట్టు మోగింది. ఆ వేడి కడ్డీని చల్లని నీళ్ళు పోసి చల్లార్చి మళ్ళీ పడేస్తే మోత పోయింది. వేడి చేస్తే మోత తిరిగి వచ్చింది. పగుళ్ళయితే వేడికి మాయం కావు కదా. లోపల ఏదో పెద్ద మార్పే జరుగుతోందని ఆయనకు తెలిసిపోయింది.

కారణం మనం పైన చెప్పుకున్నదే. వేడి కడ్డీలో ఘనాలు నిటారుగా ఉంటాయి కాబట్టి దెబ్బ తగిలితే అదురు చాలాసేపు నిలిచి మోత వస్తుంది. చల్లని కడ్డీలో కుచ్చిళ్ళ మడతలు అటూ ఇటూ కదిలి ఆ అదురును మింగేస్తాయి. చేతికి మెత్తదనం కూడా తెలుస్తుంది. చల్లని రూపం వంగడానికి వేడి రూపం కన్నా సగం బలం చాలు.

1960ల మొదట్లో ఆ ప్రయోగశాల సమావేశం ఒకదానిలో, హార్మోనియం తిత్తి మాదిరి మడతలు పెట్టిన నిటినాల్ పట్టీ ఒకటి చేతులు మారుతూ ఉంది. వంచినా విరగదని చూపించడం వాళ్ళ ఉద్దేశం. డేవిడ్ మజ్జీ అనే అధికారి తన చుట్ట గొట్టం వెలిగించుకునే లైటరు మంటను దాని కింద పెట్టాడు. అందరూ చూస్తుండగా మడతలన్నీ విప్పుకొని పట్టీ తిన్నగా అయిపోయింది. తర్వాత ఫ్రెడరిక్ వాంగ్ అనే శాస్త్రవేత్త చేరి లోపలి అణువుల అమరికను వివరించాడు. నికెల్, టైటానియం, ఆ నౌకాదళ ప్రయోగశాల, ఈ మూడింటి మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరే నిటినాల్.

మొదటి పెద్ద ఉపయోగం విమానాల్లో. ఎఫ్ 14 యుద్ధవిమానంలో నూనె గొట్టాలను కలపడానికి నిటినాల్ ఉంగరాలు వాడారు. దీన్ని అర్థం చేసుకోవడానికి మన ఎద్దుబండి చక్రం చాలు. చక్రానికి ఇనప పట్టా వేసేటప్పుడు పట్టాను కాల్చి పెద్దది చేసి తొడిగి, నీళ్ళు పోసి చల్లారుస్తారు. అది ముడుచుకొని చెక్కను పట్టేస్తుంది. నిటినాల్ ఉంగరానిది తలకిందులు పద్ధతి. దాన్ని ద్రవ నైట్రోజన్ చలిలో సాగదీసి, గొట్టాల కొసలకు తొడుగుతారు. మామూలు గది వేడికి వచ్చేసరికి తన పాత చిన్న రూపం గుర్తొచ్చి బిగుసుకుంటుంది. ఇనుమును 500 డిగ్రీలు కాల్చినా పెరిగేది 100కు 0.6 వంతు. ఈ ఉంగరం కదలిక దానికి ఎన్నో రెట్లు.

వేడి లేకుండానే వెనక్కి వచ్చే తీగ

ఇప్పుడు మొదటి మాటకి, స్థితిస్థాపకతకి, మళ్ళీ వద్దాం. తీగ గుర్తులు ముందే తక్కువ డిగ్రీల్లో పెట్టి చేశామనుకోండి, గది వేడిలోనే అది ఆస్టెనైట్‌గా ఉంటుంది. దాన్ని గట్టిగా లాగితే ఏమవుతుంది? చలి చేసే పనిని మన లాగుడు చేస్తుంది. గడులు బలానికి ఒరిగి మార్టెన్‌సైట్ అవుతాయి. వదలగానే, ఆ వేడిలో ఒరిగి నిలవడం వాటికి చేతకాదు కాబట్టి వెంటనే లేచి నిలబడతాయి. తీగ టక్కున పాత రూపానికి వస్తుంది. దీన్ని అతిస్థితిస్థాపకత అంటారు.

వంచి వేడి చేస్తే వచ్చేది ఆకార స్మృతి. వేడితో పని లేకుండా వదలగానే వచ్చేది అతిస్థితిస్థాపకత. రెండూ ఒకే ఒరుగుడు, ఒకే లేవడం. ఒకదాంట్లో లేపేది వేడి, ఇంకోదాంట్లో ఒరగదీసేది బలం.

దీంట్లో ఒక వింత ఉంది. మామూలు స్ప్రింగును ఎంత ఎక్కువ లాగితే అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. ఇక్కడ గడులు ఒరుగుతున్నంతసేపు బలం దాదాపు ఒకే మాదిరి ఉంటుంది. కొంచెం లాగినా, ఎక్కువ లాగినా తీగ తిరిగి లాగే బలంలో పెద్ద తేడా ఉండదు. ఈ గుణమే దాన్ని వైద్యుల దగ్గరికి చేర్చింది.

పళ్ళకూ గుండెకూ

వంకర పళ్ళకు తీగ వేయించుకున్న స్నేహితురాళ్ళు ప్రతి క్లాసులో ఒకరిద్దరు ఉంటారు. పన్ను కదలాలంటే దాని చుట్టూ ఎముక ఒక పక్క కరిగి, ఇంకో పక్క కొత్తగా పెరగాలి. దానికి కావలసింది చిన్న బలం, చాలా రోజులు. పెద్ద బలం పెడితే నొప్పే కాక పంటి వేరుకు చేటు. స్టీలు తీగ అయితే బిగించిన రోజు గట్టిగా లాగుతుంది, పన్ను కొంచెం కదలగానే వదులైపోతుంది. నిటినాల్ తీగ నెమ్మదిగా, ఒకే తీరున లాగుతూ ఉంటుంది. 1970లలో అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ఆండ్రియాసెన్ దీన్ని పంటి వైద్యంలోకి తెచ్చాడు. నోటి వేడికి పనిచేసేటట్టు చేసిన తీగలు ఇప్పుడు ఉన్నాయి. చల్లని నీళ్ళు పుక్కిలిస్తే అట్లాంటి తీగ కాసేపు మెత్తబడి లాగుడు తగ్గడానికి కారణం, మనం చెప్పుకున్న ప్రావస్థ మార్పే.

గుండె సంగతి ఇంకా పెద్దది. పుట్టుకతోనే గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉండే పిల్లలు ఉంటారు. ఇది మగపిల్లల్లో కన్నా ఆడపిల్లల్లో ఎక్కువ. మునుపు దీనికి ఛాతీ తెరిచి ఆపరేషన్ చెయ్యడం ఒక్కటే దారి. ఛాతీ మీద పొడుగాటి మచ్చ పడేది. ఆ మచ్చ ఒక ఆడపిల్ల జీవితంలో ఎన్ని ప్రశ్నలకు కారణమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇప్పుడు అనువైన చోట, అనువైన కొలతలో ఉన్న రంధ్రాలను తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి మూసేస్తున్నారు. నిటినాల్ తీగలతో అల్లిన రెండు బిళ్ళల వల ఒకటి ఆ గొట్టంలో సన్నగా సాగి ఒదిగి పోతుంది. రంధ్రం దగ్గర బయటికి రాగానే గోడకు అటొకటి ఇటొకటిగా బిళ్ళలు విచ్చుకుంటాయి. కొన్ని నెలల్లో దాని మీద శరీరమే పొర కట్టేస్తుంది. కర్ట్ అంప్లాట్జ్ అనే వైద్యుడు రూపొందించిన ఇట్లాంటి సాధనానికి 2001లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. అన్ని రంధ్రాలకూ ఇది సరిపోదు, కొన్నింటికి ఇప్పటికీ ఆపరేషనే దారి. ఏది తగునో తేల్చాల్సింది గుండె వైద్యులే. ఇట్లాంటి దారి ఒకటి ఉందని ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉంటే, వైద్యుణ్ణి ఆ మాట అడగగలరు.

కవరింగ్ కమ్మలు పెట్టుకునేవాళ్ళకు ఒక మాట

నిటినాల్ బరువులో సగానికి పైగా నికెల్. మన కవరింగ్ నగల్లో చాలావాటి లోపల కూడా నికెల్ ఉంటుంది. కవరింగ్ కమ్మలు పెట్టుకున్న రెండు రోజులకే చెవి తమ్మె దురదపెట్టి, ఎర్రబడి, రసి కారే అమ్మాయిలు మనలో తక్కువేం కాదు. బంగారం పడుతుంది, కవరింగ్ పడదు అని చెప్పి ఊరుకుంటాం. చాలాసార్లు దానికి కారణం నికెల్ ఒంటికి పడకపోవడం. చెవులు కుట్టించుకొని చిన్నప్పటి నుంచి ఇట్లాంటి నగలు పెట్టుకోవడంవల్ల ఇది ఆడవాళ్ళలోనే ఎక్కువ కనబడుతుంది.

నిటినాల్ మీద టైటానియం ఆక్సైడ్ పొర సన్నగా ఏర్పడి లోపలి నికెల్‌ను బయటికి రాకుండా కాపాడుతుంది. అందుకే ఎక్కువమందికి ఇబ్బంది ఉండదు. అయినా మీకు కవరింగ్ నగలు, వాచీ వెనక బిళ్ళ, జీన్స్ గుండీ తగిలిన చోట దురద వచ్చే తత్వం ఉంటే, పంటికి తీగ వేసేముందు గాని, గుండెకు సాధనం పెట్టేముందు గాని ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పండి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు. కమ్మల సంగతి గుండె డాక్టరుకు ఎందుకని సిగ్గుపడవద్దు. అవసరమైతే వాళ్ళు పరీక్ష చేయిస్తారు, వేరే లోహం చూస్తారు.

మిశ్ర ధాతువులు, మన ఊళ్ళు

టైటానియం ఎక్కడో దొరికేది కాదు. మన కన్యాకుమారి జిల్లా మణవాళకురిచ్చి ఇసుకలో, విశాఖ పక్కన భీమునిపట్నం ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ ఖనిజంలో అది ఉంది. ఆ ఖనిజం నుంచి లోహం తీసే పద్ధతిని హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల అభివృద్ధి చేసింది. ఆ పద్ధతితోనే 2011లో కేరళలోని చవరలో టైటానియం కర్మాగారం మొదలైంది. తెలుగువాడైన పల్లె రామారావు ఆ ప్రయోగశాలకు డైరెక్టర్‌గా పనిచేశారు. 2011లోనే ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. దాని పక్కనే కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన ప్రభుత్వ సంస్థ పేరు మిధాని. రాకెట్లకు, విమానాలకు కావలసిన ప్రత్యేక లోహాలు, టైటానియం లోహాలు అక్కడ తయారవుతాయి.

మిధాని అనే పేరు విప్పితే మిశ్ర ధాతు నిగమ్. మనకు ధాతువు అంటే క్రియకు మూలం. వ్యాకరణంలో ఒక్క ధాతువు నుంచి ఎన్నో రూపాలు పుడతాయి, ఏ రూపం చూసినా మూలం పట్టుకోవచ్చు. లోహశాస్త్రంలో ధాతువు అంటే లోహం. ఈ నిటినాల్ మాత్రం రెండు అర్థాలకూ సరిపోయేటట్టుంది. ఎన్ని రూపాల్లోకి వంచినా దాని ధాతురూపం ఒక్కటే.

ఈ లోహానికి కూడా హద్దులు ఉన్నాయి. 100కు 8 వంతులు మించి లాగితే ఇందులో కూడా వరసలు జారిపోతాయి, ఆ మేరకు రూపం తిరిగి రాదు. వేలసార్లు, లక్షలసార్లు వంచి వదిలితే జ్ఞాపకం కొంచెం కొంచెంగా మసకబారుతుంది, ఒకరోజు విరగవచ్చు కూడా. వేడినీళ్ళతో నిటినాల్ తీగల చక్రం తిప్పే యంత్రాన్ని 1973లో రిడ్జ్‌వే బ్యాంక్స్ అనే ఆయన చేసి చూపించాడు. ఊరికే తిరిగే చక్రం అని కొందరు మురిసిపోయారు గాని, అది తిన్న వేడికి లెక్క ఉంది. వేడి ఇవ్వకపోతే తిరగదు.

సైన్సు విద్యార్థినులు ఈ పాఠాన్ని ఇంగ్లీషులో చదువుతారు. మనం తెలుగులో చదివాం. ఒరుగుడు, మడత, కుచ్చిళ్ళు, పదును, పొరుగు, ఈ మాటలన్నీ మన ఇళ్ళల్లో ఉన్నవే. ఇవి ఉంటే చాలావరకు చెప్పుకోగలిగాం. లేనిచోట స్థితిస్థాపకత, ప్రావస్థ అని పెద్దవాళ్ళు ముందే చేసిపెట్టిన మాటలు ఆదుకున్నాయి. తమిళనాడులో ఉండి తెలుగు చదివే మనం ఈ మాటలను వాడుతూ ఉంటేనే అవి మిగులుతాయి. ఈసారి ఎవరైనా పంటి తీగ చూపించి 'ఇది ఎట్లా పనిచేస్తుందక్కా?' అని అడిగితే, చుక్కల ముగ్గు వేసి తెలుగులోనే చెప్పండి.